చూపు తగ్గిన కుక్కకు, పిల్లికి రెటీనా పరీక్ష ఎప్పుడు అవసరం?

పెంపుడు కుక్కకు చూపు తగ్గుతోందన్న సంగతి ఇంట్లోవాళ్లకు చాలా ఆలస్యంగా తెలుస్తుంది. గడప ఎక్కడుందో, నీళ్ల గిన్నె ఎక్కడుందో, పెరట్లోకి ఎన్ని మెట్లు దిగాలో దానికి కంఠతా వచ్చి ఉంటుంది. కోనసీమలో కొబ్బరితోట మధ్య ఇంట్లో పుట్టి పెరిగిన కుక్క, రెండు కళ్లూ పోయినా ఆ తోటలో వాసన పట్టుకుని మామూలుగానే తిరగగలదు. పండక్కి బంధువులు వచ్చి మంచాలు, కుర్చీలు అటూ ఇటూ జరిపినప్పుడో, ఇల్లు మారినప్పుడో, సందెవేళ కాలువ గట్టు మీద నడిపించినప్పుడో అసలు విషయం బయటపడుతుంది. డెల్టాలో ఈ ఆలస్యం ప్రాణాంతకం కావచ్చు. ఇంటి ముందు పంట కాలువ, వెనుక చేపల చెరువు, మధ్యలో పిట్టగోడ లేని వంతెన ఉన్న ఊళ్లలో చూపు లేని జంతువు నీళ్లలో పడిపోవడానికి ఎంతోసేపు పట్టదు.

పశువైద్యుడి దగ్గరకు వెళ్లగానే యజమాని నోట వచ్చే మొదటి ప్రశ్న ఒక్కటే: ఆపరేషన్ చేస్తే చూపు వస్తుందా? అమ్మమ్మకో తాతయ్యకో శుక్లం తీయించి, వారం తిరక్కుండా వాళ్లు పేపరు చదవడం చూసినవాళ్లకు ఆ ఆశ సహజం. అయితే మనిషికీ జంతువుకీ ఇక్కడ ఒక ముఖ్యమైన తేడా ఉంది. శుక్లం ముదిరి కన్ను తెల్లబడిన మనిషి ముందు వైద్యుడు టార్చి వెలిగించి, వెలుగు ఏ వైపు నుంచి వస్తోందని అడుగుతాడు. పైనుంచి, కుడి నుంచి, ఎడమ నుంచి అని రోగి సరిగ్గా చెప్పగలిగితే శుక్లం వెనుక, వెలుగును పట్టే పొర అయిన రెటీనా పనిచేస్తోందని కొంత భరోసా దొరుకుతుంది. ఆ మాట కుక్క చెప్పలేదు. దాన్ని కంటి నుంచే నేరుగా రాబట్టే పరీక్ష ఎలక్ట్రోరెటినోగ్రఫీ, పొట్టిగా ఈఆర్‌జీ.

ఈ పరీక్ష చూపును కొలుస్తుందని చాలామంది అనుకుంటారు. కొలవదు. వెలుగును పట్టే పొర పనిచేస్తోందా లేదా అన్న ఒక్క ప్రశ్నకే అది జవాబు చెబుతుంది. ఆ జవాబును బట్టి తర్వాత చేయబోయే పని మారేటట్టయితే దానికి సాటివచ్చే పరీక్ష లేదు. మారనప్పుడు మాత్రం, అమలాపురం నుంచో భీమవరం నుంచో జంతువును నగరం దాకా తీసుకెళ్లి, మత్తు ఇప్పించి చేయించడం దానికి శ్రమ, ఇంటికి ఖర్చు. ఏది ఏ సందర్భమో తేల్చుకోవడమే అసలు తెలివిడి. అందులో చాలా భాగం డెల్టా పట్టణాల్లోని మామూలు క్లినిక్కుల్లోనే, కొంత ఇంట్లోనే పూర్తవుతుంది.

కంటిలో పుట్టే విద్యుత్తు

కంటి లోపలి గోడను అంటిపెట్టుకుని ఉండే పలుచని పొర రెటీనా. అందులో దండ కణాలు మసక వెలుగులో, శంకు కణాలు పగటి వెలుగులో పనిచేస్తాయి. కుక్కలోనూ పిల్లిలోనూ దండ కణాలే అత్యధికం. రాత్రి వేటకు తయారైన కళ్లవి. రెటీనా వెనుక అద్దంలా మెరిసే మరో పొర ఉంటుంది. రెటీనాను దాటిపోయిన వెలుగును అది వెనక్కి తిప్పికొట్టి, దండ కణాలకు మరో అవకాశం ఇస్తుంది. రాత్రిపూట బండి లైటు పడగానే కుక్క కళ్లు పచ్చగానో పసుపుగానో మెరిసేది అందుకే. ఈ మెరుపు రోగ నిర్ధారణకు కూడా పనికొస్తుంది.

వెలుగు తగలగానే దండ, శంకు కణాల్లో రసాయన మార్పు జరిగి విద్యుత్ సంకేతం పుడుతుంది. అది తర్వాతి వరుసలోని ద్విధ్రువ కణాలకు, అక్కడి నుంచి గాంగ్లియాన్ కణాలకు, దృక్‌నాడి గుండా మెదడుకు చేరుతుంది. వెలుగు పడినప్పుడు కంటిలో విద్యుత్ మార్పు వస్తుందని స్వీడన్ శాస్త్రవేత్త ఫ్రితియోఫ్ హోల్మ్‌గ్రెన్ 1865లో కప్ప కన్ను మీద కనిపెట్టాడు. ఆ తరంగంలో ఏ భాగం దేని నుంచి వస్తోందో 1933లో రాగ్నార్ గ్రానిట్ పిల్లి కన్ను మీద ప్రయోగాలతో విడదీశాడు. దృష్టి పరిశోధనకు 1967లో నోబెల్ బహుమతి పంచుకున్న ముగ్గురిలో అతనొకడు. మనుషుల ఆసుపత్రుల్లో ఇవాళ చేసే ఈ పరీక్షకు పునాది వేసిన జంతువుల్లో పిల్లి ముఖ్యమైనదన్న మాట.

తరంగం చూడడానికి ఈసీజీ గీతను తలపిస్తుంది. పరీక్షలో కంటి మీద వెలుగు మెరుపు పడగానే గీత మొదట కిందికి దిగుతుంది. దాన్ని ‘ఏ’ తరంగం అంటారు. అది దండ, శంకు కణాల నుంచి వచ్చేది. వెంటనే అంతకంటే ఎత్తుగా పైకి లేచేది ‘బి’ తరంగం. అది ప్రధానంగా ద్విధ్రువ కణాల పని. ఎత్తును మైక్రోవోల్టుల్లో, అంటే వోల్టులో పది లక్షల వంతుల్లో కొలుస్తారు. ఇంత చిన్న సంకేతం కాబట్టే జంతువు కదలకూడదు, పక్కన కరెంటు పరికరాల రొద ఉండకూడదు.

పరీక్షకు ముందు కనుపాప విప్పారడానికి చుక్కలు వేసి, మత్తు ఇస్తారు. నల్లగుడ్డు మీద కాంటాక్ట్ లెన్స్ ఆకారంలో ఉన్న ఎలక్ట్రోడ్ అమరుస్తారు. కంటి బయటి మూల దగ్గర చర్మం కింద ఒక సన్నని సూది, తల వెనుక మరొకటి గుచ్చుతారు. గదిని పూర్తిగా చీకటి చేసి కనీసం 20 నిమిషాలు ఆగుతారు. దండ కణాలు చీకటికి అలవాటుపడడానికి ఆ సమయం కావాలి. ఆ తర్వాత అతి మసక మెరుపుతో మొదలుపెట్టి వెలుగు పెంచుకుంటూ పోతారు. చివరికి లైటు వేసి కొన్ని నిమిషాలు ఉంచి, సెకనుకు 30 సార్లు మిణుకుమనే వెలుగు చూపిస్తారు. ఆ వేగాన్ని దండ కణాలు అందుకోలేవు. అప్పుడు వచ్చే తరంగం శంకు కణాలది. కుక్కల ఈఆర్‌జీకి 2002లో మార్గదర్శకాలు వెలువడ్డాయి, 2012లో వాటిని సవరించారు. శుక్లం ఆపరేషన్‌కు ముందు రెటీనా బతికి ఉందా అని చూసేందుకు క్లుప్త పద్ధతి ఒకటి, దండ, శంకు కణాల జబ్బులను విడివిడిగా పట్టుకోవడానికి పూర్తి పద్ధతి మరొకటి ఉన్నాయి. వంశపారంపర్య జబ్బు అనుమానంతో వెళ్లినవారు క్లుప్త పద్ధతితో తృప్తిపడకూడదు. అది మొదటి దశలోని జబ్బును దాటవేయగలదు.

టార్చి చెప్పే సగం నిజం

యంత్రం దాకా వెళ్లే ముందు జరగాల్సిన పరీక్షలు ఖరీదైనవి కావు. దూది ఉండను జంతువు ముందు పై నుంచి వదలడం ఒకటి. దూదికి చప్పుడు ఉండదు, వాసన దాదాపు ఉండదు. చూపున్న కుక్క తల తిప్పి దాన్ని వెంబడిస్తుంది. ఒక్కో కన్నూ మూసి విడివిడిగా చూడాలి. జంతువుకు కొత్తదైన గదిలో కుర్చీలు, బకెట్లు అడ్డదిడ్డంగా పెట్టి, మొదట పూర్తి వెలుగులో, తర్వాత మసక వెలుగులో నడిపించడం రెండోది. పగలు చక్కగా తప్పుకుపోయి, దీపం తగ్గించగానే తడబడితే దండ కణాల వైపు అనుమానం మళ్లుతుంది. ఈ పరీక్షను ఫోనులో వీడియో తీసి ఉంచుకుంటే వైద్యుడికి అంతకు మించిన చరిత్ర అక్కర్లేదు.

చేయి హఠాత్తుగా కంటి ముందుకు తెచ్చి రెప్ప వేస్తుందో లేదో చూడడం అందరికీ తెలిసినదే, అందరూ పొరపడేదీ అదే. చేతి వేగానికి గాలి తగిలితే గుడ్డి కుక్క కూడా రెప్ప వేస్తుంది. పది పన్నెండు వారాలు నిండని పిల్లకు ఆ స్పందన ఇంకా వచ్చి ఉండదు. పిల్లులైతే చూపు బాగానే ఉన్నా చాలాసార్లు పట్టించుకోవు.

ఇక కనుపాప. వెలుగు వేస్తే కనుపాప ముడుచుకుంటోంది కాబట్టి కంటి నరం, రెటీనా బాగున్నాయని తేల్చేయడం చాలా చోట్ల వినబడే మాట. ఈ తర్కంలో పెద్ద లొసుగు ఉంది. రెటీనాలోని కొన్ని గాంగ్లియాన్ కణాల్లో మెలనాప్సిన్ అనే పదార్థం ఉంటుంది. అవి దండ, శంకు కణాల సాయం లేకుండానే సొంతంగా నీలి వెలుగుకు స్పందించి కనుపాపను ముడిపించగలవు. 480 నానోమీటర్ల దగ్గరి నీలి కాంతి వాటికి బాగా తగులుతుంది. ఇప్పుడు అందరి చేతుల్లో ఉన్న ఫోను టార్చి ఎల్‌ఈడీది. తెల్లగా కనిపించే ఆ వెలుగులో నీలి భాగం బలంగా ఉంటుంది. కాబట్టి దండ, శంకు కణాలన్నీ చచ్చిపోయిన కంట్లోనూ ఫోను వెలుగుకు కనుపాప కదలవచ్చు. దీనికి తలకిందులుగా, ముసలి కుక్కల్లో కనుపాప కండరం క్షీణించి వెలుగుకు కదలకపోవచ్చు, చూపు మాత్రం ఉండవచ్చు. కనుపాప కదలిక ఒక ఆధారం, తీర్పు కాదు.

కన్ను బాగుంది, చూపు లేదు

ఈఆర్‌జీకి తిరుగులేని సందర్భం ఇదే. మధ్యవయసు కుక్క, కొన్ని రోజుల్లోనో రెండు మూడు వారాల్లోనో పూర్తిగా గుడ్డిదవుతుంది. కన్ను ఎర్రబడదు, నొప్పి ఉండదు, శుక్లం ఉండదు. వైద్యుడు కంటి లోపలికి చూస్తే రెటీనా మామూలుగానే కనబడుతుంది. అంతకు ముందు కొద్ది వారాలుగా కుక్క నీళ్లు ఎక్కువ తాగుతోందని, ఆకలి పెరిగిందని, బరువెక్కిందని ఇంట్లోవాళ్లు గుర్తుచేసుకుంటారు. దీనికి సార్డ్స్ అని పేరు. రెటీనాలోని కాంతి గ్రాహక కణాలు హఠాత్తుగా పనిచేయడం మానేసే జబ్బు ఇది.

సరిగ్గా ఇదే రూపంలో మరో జబ్బు వస్తుంది. దృక్‌నాడి వాపు. అదీ హఠాత్తుగా వస్తుంది, కనుపాపలు విప్పారి ఉంటాయి. వాపు కంటికి వెనుక భాగంలోని నాడికి పరిమితమైతే కంటి లోపల చూసినా ఏమీ కనబడదు. బయటి నుంచి చూస్తే ఈ రెండు కుక్కలకూ తేడా లేదు. ముందున్న దారి మాత్రం పూర్తిగా వేరు. సార్డ్స్‌లో చూపు తిరిగి వచ్చేలా చేస్తుందని రుజువైన చికిత్స లేదు. నాడి వాపును సకాలంలో గుర్తించి మందులు మొదలుపెడితే చూపు దక్కే అవకాశం ఉంది. పైగా ఆ వాపు మెదడు జబ్బుకు తొలి గుర్తు కావచ్చు, దాన్ని వదిలేస్తే ప్రాణానికే ముప్పు.

ఈ రెండింటినీ విడదీసేది ఈఆర్‌జీ. సార్డ్స్‌లో గీత చదునుగా వస్తుంది. నాడి వాపులో తరంగం మామూలుగా లేస్తుంది, ఎందుకంటే ‘ఏ’, ‘బి’ తరంగాలు గాంగ్లియాన్ కణాలకూ నాడికీ ముందున్న పొరల నుంచి పుడతాయి. గుడ్డి కుక్కకు ఈఆర్‌జీ బాగుందంటే యంత్రం తప్పు కాదు, జబ్బు రెటీనాకు అవతల ఉందని అర్థం. అప్పుడు ఎమ్మారై, వెన్ను నీటి పరీక్షల వైపు వెళ్లాలి. కంటి ఒత్తిడి పెరిగే నీటికాసుల (గ్లకోమా) విషయంలోనూ ఇదే మెలిక. కంటి ఒత్తిడి మొదట దెబ్బతీసేది గాంగ్లియాన్ కణాలను, నాడిని. కాబట్టి తొలి దశలో మామూలు మెరుపు ఈఆర్‌జీ దాన్ని పట్టుకోకపోవచ్చు. దానికి ఒత్తిడి కొలవడమే సరైన పరీక్ష.

యంత్రం అందుబాటులో లేనిచోట పశు నేత్రవైద్యులు వాడే మరో ఉపాయం ఎరుపు, నీలి వెలుగుల పరీక్ష. సుమారు 630 నానోమీటర్ల ఎరుపు వెలుగుకు స్పందించాలంటే దండ, శంకు కణాలు ఉండి తీరాలి. ఎరుపుకు కదలని కనుపాప నీలికి ముడుచుకుంటే సార్డ్స్ వైపు మొగ్గు, రెండింటికీ కదలకపోతే నాడి వైపు అనుమానం. దీనికి వెలుగు తీవ్రత, రంగు కచ్చితంగా తెలిసిన ప్రత్యేక టార్చి కావాలి. మామూలు టార్చికి రంగు కాగితం చుట్టి చేస్తే వచ్చే ఫలితాన్ని నమ్మి నిర్ణయాలు తీసుకోకూడదు.

చదును గీత వచ్చినంత మాత్రాన అన్ని వేళలా ఆశ వదులుకోవాల్సిన పని కూడా లేదు. ఐవర్‌మెక్టిన్ విషప్రభావంలో కుక్కకు హఠాత్తుగా చూపు పోతుంది, కనుపాపలు విప్పారిపోతాయి, ఈఆర్‌జీ బాగా తగ్గడమో లేవకపోవడమో జరుగుతుంది. చాలా కుక్కల్లో కొన్ని రోజుల నుంచి రెండు వారాల్లోపు చూపు తిరిగి వస్తుంది. ఇది పల్లెల్లో గేదెలకు వేసే మందే. ఇంట్లో మిగిలిన సీసా నుంచి కుక్కకు పిడుదుల కోసం అంచనాగా ఇచ్చేయడం, లేదా గేదెకు పట్టించేటప్పుడు కింద పడిన మందును కుక్క నాకడం జరగవచ్చు. గత వారం రోజుల్లో కుక్క ఒంట్లోకి ఏ మందు వెళ్లిందో చెప్పకుండా ఈఆర్‌జీ చేయిస్తే, తాత్కాలికమైన జబ్బును శాశ్వత అంధత్వంగా రాసుకునే ప్రమాదం ఉంది.

శుక్లం వెనుక ఏముంది

కుక్కకూ శుక్లాన్ని మనుషులకు చేసినట్టే ఫేకో పద్ధతిలో, అంటే అల్ట్రాసౌండ్ కంపనాలతో ముక్కలు చేసి పీల్చి, తీస్తారు. ముదిరిన శుక్లం అడ్డంగా ఉన్నప్పుడు వైద్యుడికి రెటీనా కనబడదు. ఈఆర్‌జీకి మాత్రం శుక్లం పెద్ద అడ్డంకి కాదు. వెలుగు చెదిరిపోయినా కంటి లోపలంతా పరుచుకుని రెటీనాను చేరుతుంది. రెటీనా ఊడి ఉందేమో చూడడానికి పక్కనే కంటి అల్ట్రాసౌండ్ కూడా చేస్తారు. ఒకటి పని చెబుతుంది, మరొకటి ఆకారం చెబుతుంది. ఒకదాని బదులు మరొకటి సరిపోదు.

శుక్లం వచ్చిన తీరును బట్టి ఫలితాన్ని కొంతవరకు ముందే ఊహించవచ్చు. షుగర్ జబ్బు బయటపడిన కుక్కల్లో ఎక్కువ శాతానికి ఏడాది, ఏడాదిన్నరలోపే శుక్లం వస్తుంది. రక్తంలోని అధిక గ్లూకోజ్ కంటి కటకంలోకి చేరి సార్బిటాల్ అనే పదార్థంగా మారి నీటిని లాక్కోవడం దీనికి కారణం. కొన్నిసార్లు వారాల్లోనే కన్ను తెల్లబడిపోతుంది. ఇలాంటి కుక్కల్లో సాధారణంగా రెటీనా బాగానే ఉంటుంది, షుగర్ అదుపులోకి వచ్చాక ఆపరేషన్‌కు తగినవే. ఆలస్యం చేస్తే కటకం నుంచి కారిన ప్రోటీన్లు కంటి లోపల వాపు తెచ్చి, బాగున్న రెటీనాను కూడా పాడుచేయగలవు.

మరో రకం కథ ఇలా నడుస్తుంది. లాబ్రడారో, కాకర్ స్పానియలో సాయంత్రాలు బయటికి రావడానికి జంకడం మొదలుపెడుతుంది. చీకట్లో మెట్లు దిగదు. రాత్రి లైటు పడితే కళ్లు మునుపటి కంటే ఎక్కువ మెరుస్తున్నాయని ఇంట్లోవాళ్లు, పాపం, సంతోషంగా చెబుతారు. ఆ పెరిగిన మెరుపు రెటీనా పలచబడిందనడానికి గుర్తు. వెనుకనున్న అద్దం పొరను కప్పే కణాలు తగ్గాయి. ఇది ప్రోగ్రెసివ్ రెటినల్ ఆట్రఫీ, వంశపారంపర్యంగా వచ్చే రెటీనా క్షీణత. మొదట దండ కణాలు, తర్వాత శంకు కణాలు పోతాయి. చివరి దశలో దీనికి తోడు శుక్లం కూడా వస్తుంది. యజమాని దృష్టిలో పడేది ఆ తెల్లని శుక్లమే. ఈఆర్‌జీ లేకుండా ఆపరేషన్ చేస్తే తేటగా మెరిసే కన్ను వస్తుంది, చూపు రాదు. జంతువు మత్తు, నొప్పి, నెలల తరబడి చుక్కల బాధ పడిందంతా వృథా. ఆపరేషన్‌కు ముందు ఈఆర్‌జీ ప్రస్తావనే తేని చోట, ఎందుకు వద్దంటున్నారో యజమాని అడిగి తీరాలి.

రేచీకటి అనగానే డెల్టా రైతులకు విటమిన్ ‘ఎ’ గుర్తొస్తుంది. పచ్చిమేత లేక ఎండు వరిగడ్డి మీదే పెరిగిన దూడల్లో ఆ లోపంతో చూపు పోతుంది, విటమిన్ ఇస్తే తొలి దశలో తిరిగి వస్తుంది. ఆ అనుభవంతో కుక్కకూ అదే మందు పట్టించడం వల్ల లాభం లేదు. ఈ జబ్బు మేత లోపం కాదు, జన్యువులోని తప్పు. పైగా విటమిన్ ‘ఎ’ మోతాదు మించితే ఒంట్లో పేరుకుని హాని చేస్తుంది.

లాబ్రడార్, కాకర్ స్పానియల్, పూడిల్ వంటి జాతుల్లో ఈ జబ్బుకు ప్రధాన కారణమైన పీఆర్‌సీడీ జన్యు లోపాన్ని 2006లో గుర్తించారు. రక్తం చుక్కతోనో చెంప లోపలి తుడుపుతోనో దీన్ని పరీక్షించవచ్చు. తల్లీ తండ్రీ ఇద్దరూ ఆ లోపాన్ని మోస్తూ పైకి ఆరోగ్యంగా ఉండవచ్చు. వాటికి పుట్టే ప్రతి పిల్లకూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. పిల్లల్ని అమ్మే వాళ్లు తల్లిదండ్రులకు ఈ పరీక్ష చేయించడం ధర్మం. కొనేవాళ్లు ఆ కాగితం అడగడం మొదలుపెడితేనే అది జరుగుతుంది. జన్యు పరీక్షలో లోపం లేదని వచ్చినా ఇతర జన్యువుల వల్ల వచ్చే రెటీనా క్షీణతలు మిగిలే ఉంటాయి. ఈఆర్‌జీ జన్యువుతో పనిలేకుండా, లక్షణాలు కనబడడానికి చాలా ముందే దెబ్బను పట్టుకోగలదు.

ఈ తరంగం ఎంత నమ్మదగినదో చెప్పడానికి బ్రియార్డ్ జాతి కుక్కల చరిత్ర చాలు. ఆర్‌పీఈ65 అనే జన్యువు లోపంతో పుట్టుకతోనే చూపు లేని ఆ కుక్కల రెటీనా కిందికి సరైన జన్యువును ఎక్కించిన ఫలితాలు 2001లో ప్రచురితమయ్యాయి. చికిత్స అందిన కళ్లలో దాదాపు చదునుగా ఉన్న ఈఆర్‌జీ గీత మళ్లీ లేచింది, కుక్కలు అడ్డంకులు తప్పుకుని నడిచాయి. అదే జన్యు లోపమున్న పిల్లలకు, పెద్దలకు అదే చికిత్సను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017 డిసెంబరులో ఆమోదించింది. వంశపారంపర్య అంధత్వంతో పుట్టిన మనుషులకు వెలుగు చూపించిన దారి కుక్క కంటి గుండా వచ్చింది.

పిల్లుల సంగతి వేరు

పిల్లుల్లో యంత్రం కన్నా ముందు చూడాల్సినవి ఎక్కువ. ముసలి పిల్లి రాత్రికి రాత్రే గుడ్డిదై, కనుపాపలు పెద్దవిగా విప్పారి కనబడితే మొదట కొలవాల్సింది బీపీ. మూత్రపిండాల జబ్బు, థైరాయిడ్ ఎక్కువ కావడం వల్ల పిల్లుల్లో రక్తపోటు పెరుగుతుంది. పై అంకె 160 దాటితే అధికం, 180 దాటితే కళ్లకు, మెదడుకు పెనుముప్పు. ఆ ఒత్తిడికి రెటీనా కింద ద్రవం చేరి అది గోడ నుంచి ఊడుతుంది. వెంటనే బీపీ తగ్గించే మందు మొదలుపెడితే రెటీనా తిరిగి అతుక్కోవచ్చు, కొంత చూపు దక్కవచ్చు. ఇక్కడ ఈఆర్‌జీ కోసం ప్రయాణం చేస్తూ గడిపే ప్రతి రోజూ నష్టమే.

తిండి సంగతి డెల్టాలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. పిల్లికి టారిన్ అనే పదార్థం మాంసం, చేపల నుంచే అందాలి, దాని శరీరం తగినంత తయారు చేసుకోలేదు. టారిన్ కరవైతే రెటీనా మధ్య భాగం క్షీణిస్తుందని 1975లో తేలింది. గుండె కూడా దెబ్బతింటుంది. పాలన్నం, పెరుగన్నం మీదే పెరిగే పిల్లులు, వేటకు బయటికి వెళ్లని అపార్టుమెంటు పిల్లులు, చవకని కుక్కల మేత తినే పిల్లులు ఈ ప్రమాదంలో ఉంటాయి. చేపలకు కొదవలేని ప్రాంతంలో ఈ లోపం రావడం అన్యాయం. చేపను ఉడికించిన నీళ్లలోకి టారిన్ దిగిపోతుంది కాబట్టి ఆ నీళ్లు పారబోయకుండా అన్నంలో కలపాలి. పోయిన కణాలు తిరిగి రావు, కానీ తిండి సరిచేస్తే నష్టం అక్కడితో ఆగుతుంది.

మూడోది ఎన్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్. పిల్లి రెటీనాకు ఈ మందు నుంచి కాపాడుకునే రక్షణ బలహీనం. రోజుకు కిలో బరువుకు 5 మిల్లీగ్రాములు దాటితే శాశ్వత అంధత్వం రావచ్చు. నాలుగు కిలోల పిల్లికి రోజు మొత్తానికీ పరిమితి 20 మిల్లీగ్రాములు. కోళ్ల ఫారాల్లో వాడే 10 శాతం ద్రావణంలో ఒక్క మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములు ఉంటుంది. తణుకు, అనపర్తి చుట్టుపక్కల కోళ్ల ఫారాలు ఉన్న ఊళ్లలో ఆ సీసా చేతికందే దూరంలో ఉంటుంది. జ్వరంగా ఉన్న పిల్లికి నాలుగు చుక్కలు వేద్దామనుకోవడం ఎంత ప్రమాదమో ఈ లెక్కే చెబుతుంది.

పిడుదులు, రక్త పరీక్ష, ఆపైన ప్రయాణం

కుక్కల్లో రెటీనా పరీక్ష కన్నా ముందు చేయించాల్సిన రక్త పరీక్ష ఒకటి ఉంది. పిడుదుల ద్వారా వచ్చే ఎర్లీకియా. వెచ్చగా, చెమ్మగా ఉండే డెల్టాలో పిడుదులకు చలికాలపు విరామం దాదాపు లేదు. గోడ పగుళ్లలోనే గుడ్లు పెట్టి అవి తరాలు గడుపుతాయి. ఈ జ్వరంలో ప్లేట్‌లెట్లు పడిపోయి రెటీనాలో రక్తస్రావం కావచ్చు, కంటి లోపల వాపు రావచ్చు, రెటీనా ఊడవచ్చు. కన్ను ఎర్రబడి, మసకబారి, చిగుళ్లు పాలిపోయిన కుక్కకు ముందు రక్తం చూసి, డాక్సీసైక్లిన్ వంటి మందు మొదలుపెట్టాలా అన్నది తేల్చాలి. ఈ మందులన్నీ ఊళ్లోనే దొరికేవి.

ఇవన్నీ దాటి, ఈఆర్‌జీ నిజంగా అవసరమని తేలినవి మూడు రకాలు మిగులుతాయి: ఆపరేషన్ ఆలోచనలో ఉన్న శుక్లం, కారణం కనబడని హఠాత్తు అంధత్వం, వంశపారంపర్య క్షీణత అనుమానం. రెండో రకానికి తొందర ఎక్కువ. ఈ యంత్రాలు ప్రధానంగా పశువైద్య బోధనాసుపత్రుల్లో, నగరాల్లోని ప్రత్యేక నేత్ర విభాగాల్లో ఉంటాయి. డెల్టాకు దగ్గరలో గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది. ఎక్కడికి వెళ్లాలన్నా బయలుదేరే ముందు ఫోను చేసి, యంత్రం ఉందా, పనిచేస్తోందా, ఆ రోజు మత్తు వైద్యుడు ఉంటారా అని అడగాలి. రైల్లో కుక్కను తీసుకెళ్లాలంటే ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం బుక్ చేసుకోవాలి, లేకపోతే బ్రేక్ వ్యానులోని పెట్టెలో పంపాలి. చూపు లేని కుక్కకు ఆ పెట్టె ప్రయాణం భయంకరం. తెలిసిన గొంతు పక్కన వినబడేలా కారులో, తెల్లవారుజామున చల్లబడ్డప్పుడు తీసుకెళ్లడం మేలు.

వెంట తీసుకెళ్లాల్సినవి: వెలుగులోనూ మసకలోనూ నడిచిన వీడియోలు, గత నెలలో వాడిన మందుల పేర్లు, షుగర్, రక్త పరీక్షల కాగితాలు, చూపు తగ్గడం మొదట గమనించిన తేదీ. పరీక్ష రోజున మత్తు కోసం కడుపు ఖాళీగా ఉంచాలి. షుగర్ ఉన్న కుక్కకు ఆ ఉదయం ఇన్సులిన్ ఎంత ఇవ్వాలో ముందే వైద్యుణ్ని అడగాలి. కంటి లోపలి ఫొటోలు తీసే బలమైన వెలుగు ఈఆర్‌జీకి ముందు పడితే దండ కణాలు మళ్లీ చీకటికి సిద్ధం కావడానికి చాలాసేపు పడుతుంది. అందుకే ఫొటోలు తర్వాత తీయమని కోరవచ్చు. నివేదిక చేతికొచ్చాక అంకె ఒక్కటే చూసి కంగారుపడనక్కర్లేదు. వాడిన మత్తు మందు, ఒంటి వేడి, వయసు, యంత్రం రకం అన్నీ తరంగం ఎత్తును మార్చేస్తాయి. కాబట్టి ఒకచోట వచ్చిన మైక్రోవోల్టులను మరోచోటి వాటితో పోల్చకూడదు. ఆ కేంద్రంలోనే, అదే పద్ధతిలో ఆరోగ్యవంతమైన కుక్కలకు ఎంత వస్తోందో, రెండు కళ్ల మధ్య తేడా ఎంతో వైద్యుణ్ని అడిగి రాయించుకోవాలి. ఫలితం అనుమానంగా ఉంటే కొద్ది వారాల తర్వాత పరీక్ష మళ్లీ అక్కడే చేయించాలి.